శబ్దం వస్తోంది, ఆర్క్ రావడం లేదు

ఒడిశాలోని రాయగడ జిల్లా నుంచి, పేరు వేయవద్దంటూ ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 28. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కొట్టుకు వచ్చేవాళ్లతో ఒడియా. ఆరేళ్లుగా రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఇనుప గ్రిల్లులు, గేట్లు చేస్తున్నారు. ఊళ్లో ఇల్లు కట్టే ప్రతి ఒక్కరూ స్టీలు రెయిలింగ్ అడుగుతున్నారు కనుక ఆర్గాన్ వెల్డింగ్‌లోకి దిగాలనుకున్నారు. దీన్నే టిగ్ అంటారు: టార్చి అనే పిడి చివరి టంగ్‌స్టన్ కడ్డీకీ లోహానికీ మధ్య, ఆర్గాన్ గ్యాస్ కప్పులో, ఆర్క్ అనే విద్యుత్ మంట పుట్టి లోహాన్ని కరిగిస్తుంది. విశాఖపట్నంలో వర్క్‌షాపు నడిపే అక్క భర్త, తాను కొత్త మిషను కొంటున్నానని, పాతది ఇస్తానని చెప్పారు. అది 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ టిగ్ మిషను, నాలుగేళ్లు వాడినది. 22,000 రూపాయలకు మాటయింది. 15,000 అక్కడే ఇచ్చి, మిగతా 7,000 దసరాకు ఇస్తానని, జులైలో ఇంటికి తెచ్చుకున్నారు.

ఆయన మాటల్లోనే కొంత: ‘‘బావ షాపులో స్విచ్ నొక్కగానే ఆర్క్ పడింది. ఇక్కడ నొక్కితే మిషనులో టిక్ టిక్ మని వినిపిస్తుంది, గ్యాస్ వస్తుంది, టంగ్‌స్టన్ దగ్గర మాత్రం ఏమీ ఉండదు. పదిసార్లు నొక్కితే ఒకసారి అంటుకుంటుంది. సాయంత్రాలు అంటుకున్నా వెంటనే ఆరిపోతుంది. పొద్దున పూట అసలు రాదు, మధ్యాహ్నానికి కాస్త నయం. టంగ్‌స్టన్ కొన నల్లగా, నీలంగా మారుతోంది. నేను స్విచ్ నొక్కినప్పుడల్లా తన కంప్యూటర్ ఆగిపోతోందని పక్క జెరాక్స్ షాపు అతను గొడవ చేస్తున్నాడు.’’ కరెంటు ఇంటి మీటరు నుంచి 40 మీటర్ల వైరు లాగి వాడుతున్నారు. టార్చి గురించి రెండో పేజీలో ఒక వాక్యం రాశారు. దాని దగ్గరికి వస్తాను.

రెండంతస్తుల మేడ మెట్లకు రెయిలింగ్ చేసి ఇస్తానని 20,000 అడ్వాన్సు తీసుకున్నారు. దసరా లోపు పూర్తి చేయాలి. బావకు ఫోను చేస్తే ‘‘ఇక్కడ బాగానే పనిచేసింది కదా, నీకింకా చెయ్యి కుదరలేదేమో’’ అన్నారట. ఆ మాట మనసులో గుచ్చుకుంది. మూడు వారాలుగా అక్క ఫోను చేసినా తీయడం లేదు. బంధుత్వం చెడగొట్టుకోవద్దని అమ్మ రోజూ ఏడుస్తున్నారు. మిషను పాడైనదేనా, బావ తెలిసే అంటగట్టారా, మిగతా 7,000 ఆపేయాలా, మిషను తిరిగి ఇచ్చేయాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

తమ్ముడూ,

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధే కనిపించింది. రెండోసారి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని, మిషను ఎలా ప్రవర్తిస్తోందో చెప్పిన వాక్యాలను మాత్రం ఏరి రాసుకున్నాను. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే మీ మిషను పాడైందని నాకు అనిపించడం లేదు. మీ బావగారు మోసం చేశారనీ అనిపించడం లేదు. అయితే ఆయన వైపు నుంచి ఒక అజాగ్రత్త జరిగి ఉండవచ్చు. రెండో పేజీలో మీరు ఇలా రాశారు: ‘‘టార్చి మాత్రం తనకు అలవాటైనదని ఉంచుకుని, షాపులో ఒక మూల ఉన్న ఎనిమిది మీటర్ల పాత టార్చి ఇచ్చారు.’’ అంత రాసి వేరే విషయంలోకి వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. బావగారి షాపులో నొక్కగానే వెలిగినది ఈ మిషనే, కానీ ఈ టార్చితో కాదు.

మీరు రాడ్ వెల్డింగ్‌లో ఆరేళ్లు చేయి తిరిగినవారు. అక్కడ రాడ్డును గీస్తే ఆర్క్ వస్తుంది. టిగ్‌లో టంగ్‌స్టన్ పనికి, అంటే అతికే లోహానికి, తగలకూడదు, రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలోనే ఆర్క్ పుట్టాలి. మిషను ఇచ్చే మామూలు వోల్టేజి ఆ ఎడాన్ని దూకలేదు. అందుకని లోపల హెచ్.ఎఫ్. (హై ఫ్రీక్వెన్సీ) విభాగం క్షణం పాటు కొన్ని వేల వోల్టుల రవ్వను పంపుతుంది. ఆ రవ్వ ఆర్గాన్‌లో దారి వేస్తే, ఆ దారి వెంట అసలు కరెంటు వచ్చి నిలబడుతుంది. మీకు వినిపించే టిక్ టిక్ ఆ రవ్వదే. చప్పుడే లేకపోతే టార్చి స్విచ్ వైరు తెగిందనో, హెచ్.ఎఫ్. బోర్డు పోయిందనో అనుకోవాలి. మీకు చప్పుడు ఉంది. రవ్వ లోపల పుడుతోంది, కొసదాకా చేరడం లేదు.

వేల వోల్టులను టార్చి చివరిదాకా తీసుకువెళ్లడం తేలిక కాదు. మధ్యలో ఎక్కడ సులువైన దారి దొరికితే రవ్వ అక్కడే దిగిపోతుంది. చెమ్మ పట్టిన కేబులు, పిడి కింద వెంట్రుకంత పగిలిన టార్చి తల, ఇనుప బల్ల మీద చుట్టలుగా పడి ఉన్న వైరు, ఏదైనా చాలు. కేబులు పొడవు పెరిగేకొద్దీ కారిపోయేది పెరుగుతుంది. నాలుగు మీటర్ల టార్చితో దర్జాగా వెలిగే మిషను, ఎనిమిది మీటర్ల పాత టార్చితో వానాకాలంలో మొండికేయడం నేను చాలాసార్లు చూశాను. మీరు తెచ్చుకున్నది జులైలో. రాయగడ కొండల వానల్లో రేకుల షెడ్డు కింద రాత్రంతా పడి ఉన్న కేబులు పొద్దునకు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మధ్యాహ్నానికి కాస్త నయమని మీరే రాశారు. జెరాక్స్ షాపు కంప్యూటర్ ఆగిపోవడంలోనూ నాకు ఇదే కనిపిస్తోంది. టంగ్‌స్టన్ కొన మీద ఖర్చు కావలసిన రవ్వ కేబులు పొడవునా చుట్టుపక్కలకు చెదురుతోంది. ఆ అబ్బాయి మీద విసుక్కోకండి, అతని ఫిర్యాదు మనకు సాక్ష్యం.

పొద్దున పూట అసలు రాకపోవడానికి ఇంకో కారణం కూడా కలిసి ఉండవచ్చు. రాత్రి సిలిండర్ కట్టేశాక గ్యాస్ గొట్టంలోకి చెమ్మగాలి చేరుతుంది. తెల్లవారి మొదట బయటికి వచ్చేది ఆర్గాన్ కాదు, ఆ గాలి. రేపటి నుంచి పోస్ట్ ఫ్లో (స్విచ్ వదిలాక గ్యాస్ వచ్చే సమయం) పది సెకన్లు పెట్టి, టార్చిని లోహానికి దూరంగా పట్టుకుని రెండు మూడుసార్లు నొక్కి వదలండి. అరనిమిషం గ్యాస్ పోయాక పని మొదలుపెట్టండి. ఖర్చనుకోకండి, చెడిపోయే టంగ్‌స్టన్ కంటే చౌక.

కొన నల్లబడటం, నీలం తిరగడం కూడా గ్యాస్ సంగతే. ఆర్క్ ఆరిన తర్వాత టంగ్‌స్టన్ ఎర్రగా ఉన్నంతసేపూ దాని మీద ఆర్గాన్ ఉండాలి. పది ఆంపియర్లకు ఒక సెకను అని పాతవాళ్ల లెక్క. తక్కువ ఆంపియర్లకైనా ఏడెనిమిది సెకన్లు తగ్గించవద్దు. అలా పెట్టినా నల్లబడితే టార్చి వెనక టోపీ విప్పి లోపలి రబ్బరు రింగు చూడండి. మూలన పడి ఉన్న టార్చిలో అది ఎండి, చీలి ఉంటుంది. అక్కడి నుంచి గాలి లోపలికి వస్తుంది. గొట్టం అతుకుల మీద సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. గ్యాస్ నిమిషానికి ఏడెనిమిది లీటర్లు చాలు. చెమటకు ఫ్యాను మీ మీదికి తిప్పుకుని ఉంటే మాత్రం ఎన్ని లీటర్లు పెట్టినా నిలవదు.

కొన గుండులా కరిగిపోతోందని మీరు రాయలేదు కనుక టార్చిని మైనస్‌లోనే పెట్టి ఉంటారు. రాడ్ వెల్డింగ్ అలవాటుతో ప్లస్‌లో పెట్టేవాళ్లు ఉంటారు కాబట్టి ఒకసారి చూసుకోండి, అంతే. టంగ్‌స్టన్ 2.4 మిల్లీమీటర్లదని రాశారు. ఒకటిన్నర మిల్లీమీటరు మందం పైపుకు మీరు పెట్టేది 50, 60 ఆంపియర్లు. అంత తక్కువ కరెంటుకు అంత లావు టంగ్‌స్టన్ మందకొడిగా మొదలవుతుంది. 1.6 మిల్లీమీటర్లది తీసుకోండి, దాన్ని టార్చిలో పట్టి ఉంచే కోలెట్ కూడా సరిపడేది మార్చాలి. పెన్సిలు చెక్కినట్టు పొడవునా అరగదీయండి. గీతలు కొనవైపు సాగాలి, చుట్టూ తిరగకూడదు. మీరు వాడుతున్న ఎర్ర రంగుదానిలో థోరియం ఉంటుంది, దానికి స్వల్పంగా రేడియోధార్మికత ఉంది. ఆ పొడి పీల్చవద్దు, మాస్కు కట్టుకోండి. ఈసారి కొనేటప్పుడు బూడిద రంగుదో నీలం రంగుదో అడగండి.

ఇక అసలు పరీక్ష. ఈ రాత్రే, వాన లేకుండా నేల పొడిగా ఉంటే చేయండి. టార్చి కేబులును చుట్టలు లేకుండా పరిచి, ఎండిన చెక్కపలకల మీద పెట్టండి. పొడి చేతి తొడుగులు, బూట్లు వేసుకోండి. కేబులును ఎవరూ ముట్టుకోకూడదు. టంగ్‌స్టన్ కొన దగ్గరలో ఏ లోహమూ ఉండకూడదు, లేకపోతే ఆర్క్ పడి కళ్లు దెబ్బతింటాయి. లైట్లు ఆర్పి, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా నిలబడి, స్విచ్ రెండు సెకన్లు నొక్కి వదలండి. మీరు కొనవైపు కాదు, కేబులు పొడవునా, పిడి చుట్టూ చూడాలి. కారుతున్న చోట సన్నని నీలి వెలుగు కనిపిస్తుంది. మిణుగురు కంటే చిన్నది, కానీ ఒకసారి చూస్తే మరచిపోరు.

నేను మొదటిసారి చూసింది పాతికేళ్ల కిందట, ఒక కాగితపు మిల్లు షట్‌డౌన్‌లో. నా మిషను ఆగిపోతే స్నేహితుడు తనది ఇచ్చాడు. ఆర్క్ పడలేదు. అర్ధరాత్రి, బాయిలర్ ట్యూబుల మధ్య, పని మీద పని. నలుగురు వింటుండగా ‘‘ఇలాంటి చెత్తనా నాకు అంటగట్టావు’’ అన్నాను. అతను ఏమీ అనలేదు. తెల్లవారుజామున కాసేపు కరెంటు పోయి వచ్చింది. మిషను తిరిగి మొదలైనా లైట్లు ఇంకా వెలగలేదు. ఆ చీకట్లో స్విచ్ నొక్కితే నా చేతిలోని పిడి కింద నుంచి నీలిగా మెరిసింది. ఆ టార్చి నాదే. మిషను అతనిది, దానికి నేను తగిలించుకున్నది నా పగిలిన టార్చి. క్షమించమని అడిగాను, పర్వాలేదన్నాడు. తర్వాత ఎన్ని షట్‌డౌన్‌లలో కలిసినా మునుపటిలా పక్కన కూర్చుని టీ తాగలేదు. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి అతను ఒక కారణం.

నీలి వెలుగు కనిపించకపోయినా టార్చి మంచిదని తేల్చేయకండి. ఎవరి దగ్గరైనా మంచి టార్చి ఒక గంట అడిగి తగిలించి చూడండి. స్విచ్ ప్లగ్గులో పిన్నుల సంఖ్య, గ్యాస్ అతుకు మీ మిషనుకు సరిపోవాలి, అది ముందే చూసుకోండి. ఆ టార్చితో నొక్కగానే వెలిగితే మిషను నిర్దోషి, మీకు కావలసింది టార్చి మాత్రమే. నాలుగు మీటర్లది కొనండి. మీ పనికి 150 ఆంపియర్ల 17 నంబరు టార్చి చాలు. మంచి టార్చితోనూ వెలగకపోతే అప్పుడు లోపలి హెచ్.ఎఫ్. విభాగాన్ని అనుమానించాలి. రవ్వ దూకే రెండు మొనలు అరిగి ఎడం పెరిగినా, మసి పట్టినా చప్పుడు ఉంటుంది, బలం ఉండదు. శుభ్రం చేసి ఎడం సరిచేస్తే చాలాసార్లు మామూలవుతుంది. కానీ మీరు విప్పకండి. 230 వోల్టుల సరఫరాతో నడిచే ఇన్వర్టర్ కెపాసిటర్లలో 320 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా. దాని పని తెలిసినవారి చేతికే ఇవ్వండి.

సాయంత్రాలు అంటుకుని వెంటనే ఆరిపోవడం మాత్రం టార్చి తప్పు కాకపోవచ్చు. రవ్వ తన పని చేసింది, అసలు కరెంటు నిలబడలేదు. నాకు మీ 40 మీటర్ల వైరు మీద అనుమానం. అది ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరైతే, పోను రాను 80 మీటర్లకు దాదాపు ఒకటిన్నర ఓము నిరోధం. కరెంటు పెంచినప్పుడు మిషను 15 ఆంపియర్లు లాగితే ఇరవై రెండు వోల్టులు ఆ వైరులోనే పోతాయి. సాయంత్రం మీ ఊళ్లో సరఫరా 205కు పడిపోయి ఉంటే మిషనుకు అందేది 183. నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అదే దూరానికి పోయేది ఐదారు వోల్టులే. వెల్డింగ్ సాగుతుండగా మిషను దగ్గర వోల్టేజి ఎంతుందో ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి, మిషను వెనక పలక మీద రాసినదానితో పోల్చండి. ఎర్త్ క్లాంపు కూడా తుప్పుపట్టిన బల్లకు కాకుండా నేరుగా స్టీలు పైపుకే పట్టించండి.

రెయిలింగ్ పని ఆపనక్కర లేదు. మీ మిషనులో లిఫ్ట్ ఆర్క్ అమరిక ఉంటే దానికి మార్చండి. టంగ్‌స్టన్‌ను పనికి మెల్లగా ఆనించి ఎత్తితే ఆర్క్ వస్తుంది, హెచ్.ఎఫ్. అక్కర లేదు, జెరాక్స్ షాపుకూ ఇబ్బంది ఉండదు. కొన తరచుగా చెడి మళ్లీ మళ్లీ అరగదీయాల్సి వస్తుంది, అది దాని ఖరీదు. ఆ అమరిక లేకపోతే అతుకు పక్కన రాగి బద్ద పెట్టి దాని మీద గీసి ఆర్క్ తీసుకుని అతుకు మీదికి జరపవచ్చు. నేరుగా పైపు మీద మాత్రం గీయకండి. విరిగిన టంగ్‌స్టన్ తునక అతుకులో ఉండిపోతే పాలిష్ పట్టాక నల్లచుక్కలా తేలుతుంది. ఇంకో దారి, అతుకుల వరకు ఆర్గాన్ పని తెలిసిన మరొకరికి కూలికిచ్చి, కోత, అమరిక, పాలిష్ మీరు చేసుకోవడం. లాభం తగ్గుతుంది, మాట నిలుస్తుంది. ఇంటి యజమానిని పది రోజులు గడువు అడగడం కూడా తప్పు కాదు, కానీ పండగ వారం ముందు కాకుండా ఇప్పుడే అడగాలి. వాన జల్లు కొడుతోందని షట్టర్ పూర్తిగా దించి మాత్రం పని చేయవద్దు. ఆర్గాన్ గాలి కంటే బరువు, మూసిన గదిలో కింద పేరుకుంటే ఊపిరికి గాలి అందదు, వాసన కూడా తెలియదు.

ఇప్పుడు బావగారి సంగతి. 7,000 ఆపేస్తే డబ్బు మీ చేతిలోనే ఉంటుంది, నిజం. కానీ కారణం చెప్పకుండా ఆపితే ఆయనకు తెలిసేది మీరు మాట తప్పారని మాత్రమే, టార్చి బాగాలేదని కాదు. తర్వాత మీరు ఏం చెప్పినా ఎగవేతకు సాకులాగే వినిపిస్తుంది. మిషను తిరిగి ఇచ్చేస్తే ఆయన తన టార్చి తగిలించి మీ ఎదుటే వెలిగిస్తారు. అప్పుడు చెయ్యి కుదరలేదన్న ఆయన మాటే నెగ్గుతుంది, మీరు విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం మీదుగా ఖాళీ చేతులతో ఇంటికి రావాలి. పైగా మంచి మిషనును పోగొట్టుకుంటారు. ఏమీ అనకుండా మొత్తం ఇచ్చేసి మీరే టార్చి కొనుక్కుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మీ లోపల మాత్రం ఉండదు. మీ ఉత్తరం చదివితే ఆ మాట మీరు దాచుకోగలవారిలా అనిపించలేదు.

నేనైతే పరీక్షలు పూర్తిచేసి, ఫలితం చేతిలో పెట్టుకుని ఫోను చేస్తాను. ఫిర్యాదుగా కాదు, పనివాడు పనివాడితో మాట్లాడినట్టు. ‘‘బావగారూ, వేరే టార్చి తగిలిస్తే నొక్కగానే వెలుగుతోంది. మీరిచ్చిన టార్చిని ఈమధ్య ఎప్పుడైనా వాడారా?’’ అని అడగండి. ఆయన జవాబులోనే మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంటుంది. ‘‘అయ్యో, అది రెండేళ్లుగా మూలనే పడి ఉంది, చూడలేదు’’ అంటే అజాగ్రత్త. అప్పుడు కొత్త టార్చి ఖర్చు 7,000లో మినహాయించుకుందామని మీరే ప్రతిపాదించవచ్చు, లేదా సగం సగం అనవచ్చు. మినహాయించుకునేది ఆయన ఒప్పుకున్న తర్వాతే. అది చెడిందని తెలిసే ఇచ్చానని ఒప్పుకున్నా, మాట దాటవేసినా, డబ్బు లెక్క అదే, కానీ ఇకపై ఆయన దగ్గర ఏ వస్తువైనా నడిపించి చూడకుండా తీసుకోరు. నిజానికి ఆ ఒక్క జాగ్రత్త మీరు ఆ రోజే తీసుకుని ఉండవలసింది. ఇచ్చిన టార్చితోనే ఒకసారి వెలిగించి చూపించమని అడిగి ఉంటే సరిపోయేది. బంధువు దగ్గర అలా అడగడం మొహమాటమే, అర్థం చేసుకోగలను.

చెయ్యి కుదరలేదన్న మాట గురించి. రాడ్ వెల్డింగ్‌లో ఆరేళ్లు నెగ్గినవారికి అది నొప్పించే మాటే. కానీ ఆయన ఎక్కడో విశాఖపట్నంలో ఉండి, ఫోనులో ‘ఆర్క్ రావడం లేదు’ అన్నది మాత్రమే విన్నారు. టిక్ టిక్ చప్పుడు, పొద్దున మధ్యాహ్నం తేడా, కొన రంగు, ఇవేవీ మీరు ఆయనకు చెప్పినట్టు ఉత్తరంలో లేదు. నాకు చెప్పారు కాబట్టే నేను ఇంత రాయగలిగాను.

అక్కగారి ఫోను మాత్రం ఈ పరీక్షలు అయ్యేదాకా ఆపకండి. ఈరోజే చేయండి. మిషను ప్రస్తావన ఆమెతో తేవద్దు, ఆమెను మీ ఇద్దరి మధ్య కబుర్లు మోసే మనిషిని చేయవద్దు. పిల్లలు ఎలా ఉన్నారో, పండక్కి ఎప్పుడు వస్తున్నారో అడగండి. అమ్మగారు పక్కనే ఉన్నప్పుడు చేస్తే మరీ మంచిది.

టార్చి మార్చాక ఏమైందో రాయండి. మంచి టార్చితోనూ వెలగకపోతే మాత్రం ఉత్తరంలో మిషను దగ్గర కొలిచిన వోల్టేజి, చీకట్లో నీలి వెలుగు ఎక్కడ కనిపించిందీ, టిక్ టిక్ చప్పుడు వానరోజూ ఎండరోజూ ఒకేలా ఉందా లేదా, ఈ మూడూ తప్పకుండా రాయండి.